ఇంట్లో పొగబెట్టిన ఎండు మాంసం అమ్మాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (రాయగడ)

నాగావళి గట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా కుటుంబం పార్వతీపురం వైపు నుంచి రాయగడ వచ్చి స్థిరపడి మూడు తరాలైంది. మా అత్తగారు చలికాలంలో మేక కండను సన్నని పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు, ఎండుమిరప కారం పట్టించి, కొంత ఎండ తగిలాక కట్టెల పొయ్యికి పైన దండెం మీద వేలాడదీసి పొగ పట్టిస్తారు. ఆ తునకలను వేడినీళ్లలో నానబెట్టి, వంకాయతోనో గోంగూరతోనో వండితే ఆ రుచికి అలవాటుపడిన బంధువులు ఏటా అడిగి మరీ తీసుకువెళుతున్నారు. ఈమధ్య డబ్బిచ్చి కొంటామనేవారు కూడా పెరిగారు. దామన్‌జోడి, సునాబెడ కాలనీలలో ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలవారు, మజ్జిగౌరమ్మ దర్శనానికి విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చే మా చుట్టాలు వారిలో ముఖ్యులు.

దీనిని చిన్న వ్యాపారంగా మలచాలని నేనూ మా ఆడపడుచూ అనుకుంటున్నాము. మా ఆలోచనలో మూడు సరుకులున్నాయి. ఒకటి అత్తగారి పద్ధతిలో ఎండు మేక మాంసం. రెండవది మసాలా పట్టించి పొగలో ఉడికించిన కోడి. మూడవది పట్టణాలలో బేకన్ పేరుతో అమ్మే ఉప్పు పట్టించిన పంది మాంసం. మూడవదానికి కాలనీలలో గిరాకీ ఉందని విన్నాము.

పెద్దలు చెప్పవలసినవి ఇవి. మూడింటిలో దేనితో మొదలుపెట్టడం మంచిది? నైట్రైట్ అనే ఉప్పు వాడకుండా ఇంటి పద్ధతిలోనే చేస్తే ప్రమాదమా? వాక్యూమ్ ప్యాకింగ్ యంత్రం కొంటే ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవ ఉంటుందని అమ్మకందారు చెబుతున్నారు, అది నిజమేనా? అనుమతులు ఏమి కావాలి? విశాఖపట్నం వరకు పార్సిల్ పంపవచ్చా? ధర ఎలా కట్టాలి?

పర్లాకిమిడి పశువైద్యుడు సమాధానం:

అమ్మా, నేను ఉద్యోగ విరమణ చేసిన పశువైద్యుణ్ణి. మాంసం తనిఖీ నా పనిలో ఒక భాగంగా ఉండేది కాబట్టి అనుమతులు, ధరల సంగతి ఇతరులకు వదిలి, ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలకే జవాబు చెబుతాను.

మీరు చెప్పిన మూడు సరుకులూ చూడటానికి ఒకే జాతివిగా కనిపించినా, సూక్ష్మజీవుల దృష్టిలో ఒకదానితో ఒకటి పోలికలేనివి. ఎండు మాంసాన్ని కాపాడేది ఉప్పు, నీటి లేమి. పొగబెట్టిన కోడిని కాపాడేది చల్లదనం ఒక్కటే. బేకన్‌ను కాపాడేవి నైట్రైటూ చల్లదనమూ కలిసి. పొగ వలన రంగు, వాసన వస్తాయి, పైపొర కొంత పొడిబారుతుంది, ఈగలు దూరంగా ఉంటాయి. అంతకుమించి పొగను నమ్ముకుని నిలవ ఉంచగల మాంసం లేదు. అందుచేత మొదటి సరుకుతోనే మొదలుపెట్టండి. మిగిలిన రెండూ విద్యుత్తు పోయినా చల్లగా ఉంచగల ఏర్పాటు మీకు అమరిన తరువాతి మాట.

ఎండు మాంసంలో కొలత ఎలా చూడాలో చెబుతాను. కొవ్వు తీసేసిన కిలో కండలో ఇంచుమించు 750 గ్రాములు నీరే ఉంటుంది. దానికి 40 గ్రాముల ఉప్పు పట్టించి, మొత్తం బరువు 400 గ్రాములకు దిగేదాకా ఆరబెడితే మిగిలే నీరు సుమారు 110 గ్రాములు. ఆ నీటిలో ఉప్పు పాలు నాలుగో వంతుకు పైబడి ఉంటుంది, అంటే ఇక కరగనంత చిక్కటి ఉప్పునీరన్నమాట. అందులో విషకారక బ్యాక్టీరియా ఏదీ పెరగజాలదు. అదే మాంసాన్ని 500 గ్రాముల దగ్గర ఆపేస్తే నీరు రెట్టింపు దాకా మిగిలి, ఉప్పు గాఢత 16 శాతానికి పడిపోతుంది. చేతికి ఎండినట్టే తగులుతుంది గాని స్టాఫిలోకోకస్ అనే క్రిమి ఆ స్థితిలో కూడా బతికి పెరుగుతుంది. సాంకేతికంగా దీనిని నీటి చురుకుదనం, అంటే వాటర్ యాక్టివిటీ అనే అంకెతో కొలుస్తారు, అది 0.85కు దిగువన ఉండాలన్నది ప్రపంచమంతటా ఆహార పరిశ్రమ పాటించే హద్దు. మీ అత్తగారి చేతి అంచనా ఇంటి వాడకానికి సరిపోవచ్చు, కాని అమ్మే సరుకుకు డిజిటల్ కాటా తప్పనిసరి. ప్రతి తట్టనూ ఎండబెట్టక ముందూ తరువాతా తూచి పుస్తకంలో రాయండి.

స్టాఫిలోకోకస్ గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. అది మనుషుల ముక్కులో, చర్మం మీద, వేలి పుండ్లలో ఉంటుంది. ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. అది వదిలిన విషం వంటలో ఎంత మరిగించినా నశించదు. కాబట్టి చేతికి తెగిన గాయం ఉన్నవారు ఆ రోజు మాంసం ముట్టకూడదు. ఇంకొక మాట కూడా మా వైపు అందరికీ చెబుతుంటాను. పచ్చి కండను నేరుగా ఎండలో పెడితే అది 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంటుంది, క్రిములు వృద్ధి చెందేది సరిగ్గా ఆ వేడిలోనే. పట్టీలను ముందుగా ఆవిరి మీద, లోపలి వేడి మేక మాంసానికి 71, కోడికి 74 డిగ్రీలకు చేరేదాకా ఉడికించి, ఆ తరువాత ఆరబెట్టడం క్షేమం. రుచి కొంత మారుతుందని మీ అత్తగారు అభ్యంతరపెట్టవచ్చు. ఆమెను ఒప్పించే బాధ్యత మీది.

ఆరబెట్టడంలో మరొక చిక్కు ఉంది. పట్టీలు మందంగా కోసినా, మొదటే మంట ఎక్కువ పెట్టినా పైపొర తోలులా బిగుసుకుపోయి లోపలి తేమ బయటికి రాదు. అటువంటి తునక పైకి గట్టిగా ఉండి లోపల మెత్తగా కుళ్లుతుంది. అర సెంటీమీటరుకు మించని మందం, మొదట గాలి ఎక్కువ, వేడి మితం, చివర వేడి ఎక్కువ అనే క్రమం పాటించండి. వానాకాలంలో మీ వైపు గాలిలో ఉండే తేమకు ఎండను నమ్ముకోవడం కుదరదు. విద్యుత్ తట్టల డ్రయ్యర్ అయినా కొనాలి, లేదా ఆ నెలల్లో పని మానుకోవాలి.

పొగ కోసం మామిడి, జామ వంటి గట్టి కట్టెను బాగా ఎండబెట్టి వాడండి. నీలగిరి, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్యాకింగ్ పెట్టెల ముక్కలు వద్దు, కిరోసిన్‌తో అంటించవద్దు. పొయ్యికి నేరుగా పైన వేలాడదీస్తే మసితోపాటు బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలు మాంసం మీద చేరుతాయి. ఐరోపా దేశాలు 2014 నుంచి పొగబెట్టిన మాంసంలో దానిని కిలోకు 2 మైక్రోగ్రాములకు మించనివ్వడం లేదు. నిప్పు ఒకచోట, మాంసం ఒకచోట ఉంచి మధ్యలో రేకు గొట్టం ద్వారా పొగ పంపితే దారిలోనే మసి చాలావరకు గోడలకు అంటుకుని పోతుంది.

వాక్యూమ్ యంత్రం అమ్మేవారు చెప్పినది సగం నిజం. బాగా ఎండిన సరుకుకు అది మేలే చేస్తుంది, కొవ్వు మక్కుతనం పట్టకుండా, తేమ తగలకుండా కాపాడుతుంది. కాని తేమ ఉన్న పొగబెట్టిన కోడిని వాక్యూమ్‌లో పెట్టి బల్ల మీద ఉంచడమంటే బాట్యులిజం క్రిమికి కావలసిన గది కట్టి ఇచ్చినట్టే. అది గాలి లేనిచోటే పెరుగుతుంది, వాసన మారకుండానే విషం పుట్టించగలదు. ఫ్రిజ్‌కు బదులు వాక్యూమ్ అనే మాటను మీ ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి.

పంది మాంసం గురించి విడిగా అడిగితే మళ్లీ చెబుతాను.

జయపురం పచ్చళ్లు సమాధానం:

డాక్టరుగారు చెప్పిన తరువాత ఆరోగ్యం గురించి నేను కలుగజేసుకోను. జయపురంలో మాంసం పచ్చళ్లు, ఎండు చేపలు అమ్ముతున్న అనుభవంతో డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాపారంలో చాలామంది మునిగేది రుచి కుదరక కాదు, లెక్క కుదరక.

ఎముకతో మేక మాంసం కిలో 800 రూపాయలు అనుకుందాము. ఎముక, పొరలు, కొవ్వు తీసేస్తే మూడో వంతు పోతుందనుకుంటే కండ కిలో 1,200 పడింది. ఆ కండ 400 గ్రాములకు ఎండుతుంది. అంటే ఎండు మాంసం కిలోకు మాంసం ఖర్చే 3,000 రూపాయలు. 100 గ్రాముల పొట్లానికి 300. దీనిమీద కట్టె, కరెంటు, పొట్లం, చీటీ, పాడైపోయే సరుకు, మీ ఇద్దరి కూలి కలిపితే 450కి తక్కువ అమ్మితే మీరు ఉచితంగా పనిచేసినట్టే. బంధువులు ఇష్టపడి తినే వస్తువును 100 గ్రాములకు 450 ఇచ్చి ఎంతమంది నెలనెలా కొంటారో నిష్పక్షపాతంగా ఆలోచించుకోండి. పండుగకు ఒక పొట్లం కొంటారు, అంతే. తీసేసిన ఎముకలను సూపు ముక్కలుగా అదే రోజు అమ్ముకోగలిగితే కొంత కలిసివస్తుంది గాని, అది మాంసం కొట్టువారితో ముందుగా మాట్లాడుకోవలసిన ఏర్పాటు.

నా సలహా ఏమిటంటే ఎండు మేక మాంసాన్ని ఆర్డరు మీద మాత్రమే చేసి, రోజువారీ సరుకుగా ఎండు కోడి పెట్టుకోండి. ఎముక లేని కోడి కండ కిలో 300 పడితే అదే లెక్కన 100 గ్రాముల ఎండు సరుకుకు మాంసం ఖర్చు 75 రూపాయలే. అందులోనూ బ్రాయిలర్ కన్నా గుడ్లు మానేసిన లేయర్ కోడి మేలు. దాని కండ గట్టిగా, నారగా ఉంటుంది. కూరకు పనికిరాదని వదిలేసే ఆ గుణమే ఎండబెట్టడానికి అక్కరకు వస్తుంది. 50 గ్రాముల పొట్లం కట్టండి. కొత్తవారు రుచి చూడటానికి చిన్న పొట్లమే కొంటారు.

ఇక కాలం సంగతి. మన వైపు ఈ వ్యాపారానికి ఉన్న అసలు మెలిక కార్తీకం. ఒడియావారి కార్తీకం ఆశ్వయుజ పున్నమి మరునాడు మొదలై కార్తీక పున్నమితో ముగుస్తుంది. మన కార్తీకం దీపావళి అమావాస్య దాటాక మొదలై తరువాతి అమావాస్య దాకా ఉంటుంది. రెండు వర్గాలవారూ మీ కొనుగోలుదారులే కాబట్టి వారిలో ఎవరో ఒకరు నీసు మానేసిన కాలం ఇంచుమించు నెలన్నర వస్తుంది, మధ్యలో ఆ పక్షం రోజులైతే ఇద్దరూ మానేస్తారు. ఒడియావారి ఇళ్లలో కార్తీకం చివరి అయిదు రోజుల పంచుక మరీ నిష్ఠగా జరుగుతుంది. ఆపైన వారి మార్గశిరం వస్తుంది, అందులో గురువారాలు మాణబసా అనే లక్ష్మీపూజ ఉన్న ఇళ్లలో మళ్లీ మాంసం ఉండదు.

ఇది నష్టమని చాలామంది అనుకుంటారు, నేను అలా అనుకోను. వాన వెనుకపట్టి, గాలి పొడిబారి, రాత్రులు చల్లబడేది సరిగ్గా ఆ నెలన్నరలోనే. పచ్చి మాంసానికి గిరాకీ తగ్గే ఆ రోజుల్లో కొట్టువారు బేరానికి దిగుతారు. అప్పుడు కొని ఎండబెట్టి పెట్టుకున్నవారికి కార్తీక పున్నమి మరునాడు ఒడియావారు మళ్లీ నీసు మొదలుపెట్టే ఛాడఖాయి రోజు నుంచి సంక్రాంతి దాకా అమ్మకమే. పచ్చి మాంసం వ్యాపారికి లేని వెసులుబాటు ఎండు మాంసం వ్యాపారికి ఉన్నది ఇదొక్కటే, దానిని వదులుకోకండి. పెట్టుబడి మాత్రం నెలన్నర పాటు సరుకులో చిక్కుకుని ఉంటుందని గుర్తుంచుకుని, అప్పు తెచ్చి మొదటి ఏడే ఎక్కువ చేయకండి.

బరంపురం లెక్కలు సమాధానం:

నేను చిన్న వ్యాపారాలకు పన్నుల పత్రాలు రాసిపెడుతుంటాను.

ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006 ప్రకారం ఇంట్లో చేసి అమ్మినా నమోదు తప్పదు. 2011 నాటి లైసెన్సు నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసే చిన్నవారికి లైసెన్సు కాకుండా సులభమైన నమోదు పెట్టాయి. ఇటువంటి పరిమితులను అప్పుడప్పుడు సవరిస్తుంటారు కాబట్టి దరఖాస్తు చేసేనాడు ఆహార భద్రతా సంస్థవారి ఫాస్కాస్ పోర్టల్‌లో కనిపించే అంకెనే ప్రమాణంగా తీసుకోండి. అక్కడ వచ్చే 14 అంకెల సంఖ్యను ప్రతి పొట్లం మీద అచ్చు వేయాలి. తనిఖీకి వచ్చేవారు మొదట అడిగేది మాంసం ఎక్కడిదని. అనుమతి ఉన్న కొట్టులోనే కొని, తేదీతో రసీదు తీసుకుని, ఆ రసీదు సంఖ్యనూ డాక్టరుగారు చెప్పిన తూకం పుస్తకంలో అదే బ్యాచ్ పక్కన రాసుకోండి. పెరట్లో మేకను మీరే కోయించి అమ్మకానికి వాడే ఆలోచన ఉంటే మానుకోండి.

చీటీ మీద సరుకు పేరు, దినుసులు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, మీ చిరునామా, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని తప్పనిసరి. తెలుగు, ఒడియా అదనంగా వేసుకోవచ్చు. మాంసాహార గుర్తు గోధుమరంగు గీతల చదరంలో అదే రంగు త్రికోణం. చుక్క ఉన్న పాత అచ్చును ప్రెస్సులవారు ఇంకా ఇస్తుంటారు, చూసి తీసుకోండి. పొట్లం విప్పాక నానబెట్టి, బాగా ఉడికించి తినాలన్న సూచన కూడా వేయడం మీకే రక్ష.

మీ ప్రశ్నలో అందరూ తేలికగా తీసుకునే అంశం పార్సిల్. ఒడిశాలోనే అమ్మేటంత కాలం సరుకుల వ్యాపారికి ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ నమోదు అక్కరలేదు. కాని రాష్ట్రం దాటి పన్ను వర్తించే సరుకు అమ్మితే ఈ 40 లక్షల వెసులుబాటు వర్తించదు, ఎంత చిన్న మొత్తమైనా నమోదు కావాలి. పొట్లం కట్టి చీటీ అంటించిన ఎండు మాంసం పన్ను వర్తించే సరుకే. రాయగడ నుంచి భువనేశ్వర్ ఎంతో దూరం, పార్వతీపురం ఎంతో దగ్గర. చట్టం మాత్రం దూరం చూడదు, సరిహద్దు చూస్తుంది. మజ్జిగౌరమ్మ దర్శనానికి వచ్చినవారు మీ ఇంటికే వచ్చి కొని తీసుకువెళితే అది ఒడిశాలో జరిగిన అమ్మకం. అదే సరుకును మీరు విశాఖపట్నానికి పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. కాబట్టి మొదటి ఏడు చేతికి చేతి అమ్మకంతో సరిపెట్టుకుని, గిరాకీ తేలాక నమోదు తీసుకోమని నేను చెబుతాను. నమోదు తీసుకుంటే పన్నుతోపాటు క్రమం తప్పకుండా రిటర్నులు వేసే శ్రమ కూడా వస్తుంది.

డ్రయ్యర్ వంటి యంత్రాలకు 2020లో మొదలైన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం కింద బ్యాంకు రుణంతో ముడిపడిన 35 శాతం రాయితీ, గరిష్ఠంగా 10 లక్షలు, ఇస్తూ వచ్చారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారేమో రాయగడలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. అది వస్తుందన్న ధీమాతో యంత్రం ముందే కొనవద్దు, రుణం మంజూరు కాకముందు కొన్నదానికి రాయితీ అడగడం కష్టం.

సిరొంచ రైతు సమాధానం:

మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. మా ఇళ్లలో ఒట్టి తునకలు తాతల నాటి నుంచి ఉన్నవే, నది అవతల తెలంగాణలోనూ ఇదే వంట. ఆవిరి మీద ఉడికించి ఆరబెట్టమని డాక్టరుగారు చెప్పడం నాకు సమ్మతం కాదు. ఉడికించిన తునకలో ఆ నార, ఆ ఘాటు రావు. నమిలితే రబ్బరులా ఉంటుంది. మా వైపు వేసవి ఎండ ఎంత తీవ్రమో అందరికీ తెలిసిందే, సన్నగా కోసిన తునక పొద్దుగూకేసరికి గలగలలాడుతుంది. మా పెద్దలెవరికీ నైట్రైట్ తెలియదు, వారు తిని బతికారు. ఎలాగూ కొన్నవారు దానిని మరిగించి వండుకుంటారు గదా. పైగా 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ విభాగం శుద్ధి చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది కూడా. అలాంటప్పుడు కొత్తగా రసాయనం కలపడం దేనికి?

మరొక మాట. తునకలంటే మా వైపు చాలామందికి గొడ్డు మాంసమే గుర్తుకు వస్తుంది. మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దుల వధ కూడా నిషేధం, గేదె మాంసానికి మాత్రం ఆ నిషేధం లేదు. ఒడిశాలో 1960 నాటి చట్టం వేరు. మీరు మేక, కోడి అంటున్నారు కాబట్టి ఇబ్బంది లేదు గాని, పొట్లం మీద ఏ జంతువు మాంసమో పెద్ద అక్షరాలతో వేయండి. ఎండిన తునకను చూసి ఏ మాంసమో కంటితో చెప్పడం కష్టం, సరిహద్దు తనిఖీలో అనుమానం వస్తే సరుకు ఆగిపోతుంది.

పర్లాకిమిడి పశువైద్యుడు సమాధానం:

సిరొంచవారి రెండో మాట అక్షరాలా పాటించదగినది. మొదటి మాటకు నా జవాబు ఇది. ఒక్క పగటిలో గలగలలాడేలా ఎండించగల ఎండ, గాలి ఉన్నచోట ఆయన చెప్పిన పద్ధతికి బలముంది, ఎందుకంటే క్రిమి పెరిగే వ్యవధి అక్కడ దొరకదు. రాయగడ చలికాలపు ఎండ అటువంటిది కాదు. అక్కడ రెండు మూడు రోజులు పడుతుంది, రాత్రి మంచు దిగుతుంది. తేడా పద్ధతిలో లేదు, వాతావరణంలో ఉంది. వండితే అన్నీ పోతాయన్నది మాత్రం సరికాదు. బాట్యులిజం విషం మరిగిస్తే నశిస్తుంది, స్టాఫిలోకోకస్ విషం నశించదని పైన రాశాను.

నైట్రైట్ విషయంలో నా మాట అపార్థానికి తావిచ్చినట్టుంది కాబట్టి వివరంగా చెబుతాను. పూర్తిగా ఎండిన సరుకుకు నైట్రైట్ అవసరం లేదు, కలపవద్దు. అది కావలసినది తేమతో ఉండే బేకన్‌కు. బేకన్‌కు వాడే గులాబీరంగు మిశ్రమంలో సోడియం నైట్రైట్ 6.25 శాతం ఉంటుంది, మిగిలినది మామూలు ఉప్పు. కిలో మాంసానికి ఆ మిశ్రమం 2.5 గ్రాములు, అంటే నైట్రైట్ 156 మిల్లీగ్రాములు. శుద్ధ నైట్రైట్ కొద్ది గ్రాములే మనిషి ప్రాణం తీయగలదు. చెంచాతో కొలిచేవారి చేతికి దానిని ఇవ్వకూడదు, గ్రాములో పదో వంతు చూపించే కాటా ఉండాలి. కొందరు దానికి బదులు సురేకారం వాడతారు. అది మాంసంలో నెమ్మదిగా, ఎంతెంతగా మారుతుందో అంచనాకు అందకుండా నైట్రైట్‌గా మారుతుంది. బాణసంచా దుకాణంలో దొరికేదైతే తినడానికి తయారైనదే కాదు.

పంది మాంసంలో మరొక ముప్పు బద్దెపురుగు. ఊరిమీద తిరిగి మలం తినే పందుల కండలో బియ్యపు గింజల్లాంటి తెల్లని తిత్తులుంటాయి. ఉప్పు పట్టించి చల్లని పొగ వేసినంతనే అవి చావవు. ఆ తిత్తులున్న మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు చేతుల ద్వారా, ఆహారం ద్వారా కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ రావచ్చు. మైనస్ 15 డిగ్రీల వద్ద మూడు రోజులు గడ్డకట్టిస్తే తిత్తులు చస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కొట్టంలో కట్టి మేపిన పంది, డీప్ ఫ్రీజర్, సన్నని కాటా, ఈ మూడూ మీ చేతిలో ఉన్నరోజున బేకన్ గురించి ఆలోచించండి.

క్యాన్సర్ మాట నిజమే. రోజూ 50 గ్రాములు తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ఆ విభాగం తేల్చింది. ఆ వర్గీకరణ ఉప్పు పట్టించిన, పొగబెట్టిన మాంసాలన్నిటికీ వర్తిస్తుంది, నైట్రైట్ కలిపినవాటికి మాత్రమే కాదు. ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పి, పండుగ వంటగా వాడమనండి.

నాగావళి గట్టు జవాబు:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. బేకన్ ఆలోచన, పొగలో ఉడికించిన కోడి ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాము. లేయర్ కోడి కండతో ఎండు తునకలు 50 గ్రాముల పొట్లాలుగానూ, మేక మాంసం ఆర్డరు మీదా చేసి ఇంటి దగ్గరే అమ్మాలని అనుకుంటున్నాము. అత్తగారు ఆవిరి పద్ధతికి ఒప్పుకోలేదు గాని, ఒక తట్ట అలా, ఒక తట్ట ఇలా చేసి వండి చూస్తామన్నారు. డాక్టరుగారిని ఒక్క సంగతి అడగాలి. నీటి చురుకుదనం అంకె మా కాటాతో తెలియదు కదా, దానిని ఎక్కడ కొలిపించాలి? ప్రతి బ్యాచ్‌కూ కొలిపించాలా?

పర్లాకిమిడి పశువైద్యుడు సమాధానం:

ప్రతి బ్యాచ్‌కూ అక్కరలేదు, ఆ ఖర్చు మీరు భరించలేరు కూడా. అమ్మకం మొదలుపెట్టక ముందు ఒకే రకం మాంసాన్ని 450, 400, 350 గ్రాముల దగ్గర ఆపి మూడు నమూనాలు చేసి, గుర్తింపు ఉన్న ఆహార పరీక్షశాలకు పంపండి. నీటి చురుకుదనంతోపాటు మొత్తం సూక్ష్మజీవుల లెక్క కూడా అడగండి. ఏ బరువు దగ్గర అంకె 0.85కు దిగువకు వచ్చిందో తెలిశాక, అంతకన్నా కొంచెం ఎక్కువే ఎండించి ఇకపై ఆ బరువునే హద్దుగా పెట్టుకోవచ్చు. ఉప్పు పాలు, మాంసం రకం, కోత మందం మారితే మళ్లీ పరీక్ష చేయించాలి. కోడికి ఒకటి, మేకకు ఒకటి వేరువేరుగా చేయించండి. మాంసం శుద్ధి మీద శిక్షణ కావాలంటే హైదరాబాదు చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, మీ ఆడపడుచును పంపగలిగితే ఈ కొలతలన్నీ అక్కడ కళ్లారా చూసి రావచ్చు. ప్రతి బ్యాచ్ నుంచి ఒక పొట్లం తేదీ రాసి, చీటీ మీద మీరు వేసిన గడువు తీరేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరైనా కడుపు నొప్పి వచ్చిందని అంటే పరీక్షకు పంపవలసినది ఆ పొట్లమే.